కుదురు జారిన చోట

రావులపాలెం అరటి యార్డులో
పదహారేళ్ళు పాట పాడాను.
వేలం పాట.
కర్పూరం గెల మీద చెయ్యేసి
రెండొందలా, రెండొందల పదా అంటూ
ఎండ నడినెత్తికొచ్చేదాకా నోరు మూసిన పాపాన పోలేదు.

ఆ మంగళవారం నాలుగొందల దగ్గర
"నా" అనబోతే దవడ సగంలో ఆగిపోయింది.
లోపల ఎవరో గడియ పెట్టినట్టు.
రేటు కోసం సాగదీస్తున్నాననుకుని
బేరగాళ్ళు ఇంకో పది పెంచారు.

అంతకు ముందు ఏడాదంతా అది చెవిపోటే.
అమ్మ వెల్లుల్లి నూనె కాచి పోసింది.
రాజమండ్రి డాక్టరు లైటు వేసి చూసి
చెవి బంగారంలా ఉందన్నాడు.
తణుకులో ఒకాయన దంతం పీకాడు.
ఏ పుచ్చూ లేని దంతం.
కాగితంలో చుట్టి గూట్లో దాచుకున్నాను,
చెయ్యని నేరానికి ఉరి పడినవాడి ఉంగరంలా.

అమలాపురంలో డాక్టర్ ఫర్హానా
నా చెవుల ముందు చెరో వేలు ఆనించి
తెరవండి, మూయండి, అంది.
కుడి పక్క ఇసక మీద నడిచిన చప్పుడు.
ఎముకల బొమ్మ తీసి ఏదో చెప్పబోయి
నా మొహం చూసి మానేసింది.

"గెలలు మోసేవాళ్ళు నెత్తిన ఏం పెట్టుకుంటారు?"
చుట్టకుదురండి.
"అది ముందుకి జారిపోతే?"
గెల బరువు మాడు మీదే.
"అంతే. మీ దవడ కీలులో కుదురు జారింది."

ఇరవై ఐదేళ్ళు చదివిన చదువు
ఒక పాతగుడ్డ చుట్టలో పట్టింది.

"రాత్రుళ్ళు పళ్ళు నూరతారా?"
లేదన్నాను, గట్టిగానే.
సుభాషిణి చీర చెంగు మడతలు లెక్కపెడుతోంది.
"ఎలకలనుకున్నానండి" అంది కాసేపటికి.
"లంకలో తోట వరదకి పోయిన ఏడు మొదలైంది.
బియ్యం డబ్బా కొరుకుతున్నాయని
మంచం కింద బోను పెట్టాను.
ఎండుకొబ్బరి ముక్క ఎన్నిసార్లు మార్చానో.
ఒక్కటీ పడలేదు."

నాలుగేళ్ళు.
పగలు అప్పులవాళ్ళకి నవ్వుతూ అండీ అండీ అన్నవాణ్ణి
రాత్రి వాళ్ళందర్నీ నమిలాను కాబోలు.
పంటి బిగువున భరించాడని మెచ్చుకుంటారు మనవాళ్ళు.
ఆ బిగువు ఎక్కడికి పోతుందో
ఎవరూ అడగరు.

మందు పెద్దదేం కాదు.
వేడినీళ్ళలో పిండిన గుడ్డ, పూటకో పావుగంట.
జంతికలు బందు, చెరుకు బందు, కోడి ఎముక బందు.
ఆవులింత వస్తే గెడ్డం కింద పిడికిలి.
రాత్రికి పళ్ళమీద ఒక తొడుగు,
చిన్న అరటి దొప్పలా, గాజులా కనపడేది.
నాలుక కొస పై పళ్ళ వెనక ఆనించి
పెదాలు కలపండి, పళ్ళు కలపకండి, అంది ఫర్హానా.
పై పంటికీ కింది పంటికీ నడుమ
బియ్యపు గింజంత జాగా.

ఎంత కష్టమో ఆ గింజంత జాగా!
బస్సు కోసం నిలబడ్డా, చిల్లర లెక్కపెడుతున్నా
ఎప్పుడు మూసుకుందో తెలీకుండా మూసుకునేది.
సైకిలు హాండిలుకి ఎర్ర దారం కట్టుకున్నాను,
చూసినప్పుడల్లా దవడ వదిలేయడానికి.

పూర్తిగా పోలేదు. టిక్కుమంటుంది ఇప్పటికీ.
నొప్పి లేని చప్పుడుతో తగువు పెట్టుకోవద్దంది డాక్టరు.
ఇప్పుడు మూడు వేళ్ళు పడుతున్నాయి నోట్లో.
పెద్ద పాటలు గుబ్బల చంటిబాబు పాడతాడు,
నేను పక్కన కూచుని రాస్తాను.
అప్పుడప్పుడు "మూడోసారీ" మాత్రం నాది.

మొన్న అర్ధరాత్రి మెలకువొస్తే
సుభాషిణి వేళ్ళు నా చెవి ముందున్నాయి.
"ఏంటే?"
"ఏం లేదు. చప్పుడు లేకపోతే నిద్ర పట్టట్లేదు."

బోను ఇంకా మంచం కిందే ఉంది.
తలుపు తెరిచే ఉంది.